యహూదీల పండుగలు, మా దాదీమా మలీదా

మొహర్రం తొమ్మిదో తారీఖు సహరీకి లేచాం. మా అన్న కూతురు, ఏడో తరగతి పిల్ల, ముఖం కడుక్కొని వచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూచుంటూనే అడిగింది. "చాచా, ఆషూరా పదో తారీఖైతే తొమ్మిదిన కూడా రోజా ఎందుకుంటున్నం?"

నిద్రమత్తు ఇంకా వదల్లేదు. అయినా పిల్ల అడిగితే జవాబు చెప్పాలి కదా. మదీనాలో యహూదీలు పదో తారీఖు ఒక్కరోజే రోజా ఉండేవాళ్ళు, వాళ్ళకూ మనకూ కొంచెం ఫరక్ ఉండాలని, వచ్చే ఏడాదికి జిందా ఉంటే తొమ్మిదిన కూడా ఉంటానని హుజూర్ (స) అన్నారు, అందుకని రెండు రోజులు, అన్నాను. పిల్ల చేతిలో నీళ్ళ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"అంటే ఇది యహూదీల రోజానా? వాళ్ళు మన దుష్మన్లు కదా!"

గాజా పిల్లల లాషులు ఫోన్‌లో చూసిన పిల్ల. ఆ చూసినవేవీ అబద్ధాలు కావు. ఆమె దుఃఖాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ఒక హుకూమత్ చేసే జుల్మ్‌కి, వేల ఏళ్ళుగా బతుకుతున్న ఒక కౌమ్ మొత్తాన్నీ, వాళ్ళ పండుగల్నీ, వాళ్ళ పిల్లల్నీ బాధ్యుల్ని చేస్తే ఎట్లా? మనల్ని కూడా ఎవరో ఎక్కడో చేసినదానికి అట్లాగే జవాబు అడుగుతుంటారు. ఆ బాధ మనకు తెలియనిదేం కాదు. అజాన్ అయ్యేలోపు ఇంత చెప్పలేను. ఇఫ్తార్ తరువాత చెప్తానన్నాను. ఇక్కడ రాస్తున్నదంతా ఆ రెండు సాయంత్రాల ముచ్చటే, కొంత పుస్తకాలు తిరగేసి కలిపాను.

ముందు ఆషూరా సంగతి. హిజ్రత్ చేసి మదీనాకు వచ్చినప్పుడు అక్కడి యహూదీలు ఆ రోజు రోజా ఉండటం హుజూర్ (స) చూశారు. ఎందుకని అడిగితే, ఫిరౌన్ నుంచి ముసా (అ)నూ బనీ ఇస్రాయీల్‌నూ అల్లాహ్ నజాత్ ఇచ్చిన రోజు, ముసా (అ) షుక్రానాగా రోజా ఉన్నారు, మేమూ ఉంటాం అన్నారట. ముసాకు మీకన్నా మేమే దగ్గర అని చెప్పి హుజూర్ (స) తాము రోజా ఉండి, సహాబాలనూ ఉండమన్నారు. ఇబ్నె అబ్బాస్ (ర) రివాయత్ ఇది, బుఖారీలో ఉంది. రమజాన్ రోజాలు ఫర్జ్ అయ్యాక ఇది నఫిల్ అయింది. కర్బలా షహాదత్ ఇదే తారీఖున జరిగింది కాబట్టి మన వైపు ఆషూరా అంటే ఇమాం హుసేన్ (ర) తప్ప ఇంకొకటి గుర్తుకు రాదు. అది సహజమే. కాకపోతే కర్బలాకు దాదాపు అరవై ఏళ్ళ ముందునుంచే ఆ రోజా ఉంది.

యహూదీ క్యాలెండర్‌లో తిష్రీ నెల పదో తారీఖున యోమ్ కిప్పూర్ వస్తుంది. సూర్యుడు మునిగిన దగ్గర్నుంచి మర్నాడు చుక్కలు పొడిచేదాకా, దాదాపు ఇరవై అయిదు గంటలు, తిండీ నీళ్ళూ లేకుండా ఉంటారు. తౌబా చేసే రోజు. తెలుగు బైబిల్లో దీన్ని ప్రాయశ్చిత్తార్థ దినం అంటారు. ఫిరౌన్ నుంచి విడుదలైన కథ మాత్రం వాళ్ళ పస్కా పండుగది, అది నీసాన్ నెలలో వస్తుంది. అంటే మన ఆషూరాలో తారీఖు ఒక పండుగను గుర్తు చేస్తే, కథ ఇంకో పండుగను గుర్తు చేస్తుంది. దీనిమీద చరిత్రకారులు చాలా కాగితం ఖర్చు పెట్టారు, మనం పెట్టనక్కర లేదు.

వాళ్ళ నెలలూ మన నెలల్లాగా చాంద్ చూసి మొదలైనవే. కానీ పన్నెండు చాంద్ నెలలు ఎండాకాలం, వానకాలం లెక్కకు పదకొండు రోజులు తక్కువ పడతాయి. దాన్ని సరిచేయడానికి వాళ్ళు పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు ఒక నెల ఎక్కువ వేస్తారు. మన హిందూ దోస్తుల అధిక మాసం లాంటిదే. అందుకే పస్కా ఎప్పుడూ ఉగాది అటూఇటూగా, వసంతంలోనే వస్తుంది. మనకు ఖురాన్‌లో నెలలను అట్లా జరపడం మనా. అందుకే రమజాన్ కరీంనగర్ ఎండల్లోనూ వస్తుంది, ఆదిలాబాద్ చలిలోనూ వస్తుంది. మే నెలలో రోజా ఉండి మంచిర్యాల బస్సులో కూచున్నవాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇక మలీదా.

మా దాదీమాది జగిత్యాల వైపు పల్లె. అక్కడ మొహర్రం అంటే పీర్ల పండుగ. ఆషుర్‌ఖానా ముందు అలావా గుంత తవ్వి, మొద్దులు కాల్చి, దాని చుట్టూ అలాయి ఆడేవాళ్ళలో ముసల్మాన్లకన్నా గొల్లలు, మాదిగలు, కాపులే ఎక్కువ. పీరు లేపేవాడు కూడా చాలాసార్లు హిందువే. ఉలమా దీన్ని బిద్‌అత్ అంటారు, వాళ్ళ దలీల్ నాకు తెలుసు, దాన్ని ఇక్కడ బహస్‌లోకి తేను. దాదీమా మాత్రం ఆ రోజు రొట్టెలు కాల్చి, వేడివేడిగా ఉన్నప్పుడే చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీదా ముద్దలు కట్టేది. ఫాతిహా అయ్యాక వాడకట్టంతా పంచేది. సద్దుల బతుకమ్మ నాడు ఎదురింటి అమ్మ కూడా అదే మలీద ముద్దలు చేసి మాకు పంపేది. మాలీదన్ అంటే ఫార్సీలో నలపడం, రుద్దడం. ఆ ఫార్సీ మాట మన పల్లెల్లో బతుకమ్మ పక్కన కూచుంది, ఎవరికీ అది ఫార్సీ అన్న సోయి కూడా లేదు.

ఇదే మలీదా యహూదీల ఇళ్ళలోనూ ఉందని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. మహారాష్ట్రలో కొంకణ్ తీరాన, అలీబాగ్ వైపు పల్లెల్లో, బెనె ఇస్రాయేల్ అనే యహూదీలు వందల ఏళ్ళుగా ఉన్నారు. మరాఠీ మాట్లాడతారు. తమ పూర్వీకుల ఓడ నవ్‌గావ్ దగ్గర సముద్రంలో పగిలిపోయిందనీ, బతికి ఒడ్డుకు చేరిన కొన్ని జంటల ఔలాద్ తామనీ చెప్పుకుంటారు. గానుగ ఆడి నూనె తీయడం వాళ్ళ పేషా. మన దగ్గర గాండ్లవాళ్ళ లాగా అన్నమాట. శనివారం గానుగ ఆపేసేవాళ్ళు కాబట్టి చుట్టుపక్కల జనం వాళ్ళను శనివార్ తేలీలు అన్నారు.

వాళ్ళ మలీదా రొట్టెతో కాదు, అటుకులతో. నానబెట్టిన అటుకుల్లో కొబ్బరి కోరు, చక్కెర, ఇలాచీ, మేవా వేసి, పెద్ద పళ్ళెంలో రాశి పోసి చుట్టూ పండ్లు పేరుస్తారు. ఎలియాహు నబీ పేరు మీద హీబ్రూలో దువా చదివి అందరికీ పంచుతారు. పెళ్ళికి ముందు, మన్నత్ తీరినప్పుడు, కొత్త ఇంట్లోకి వెళ్ళినప్పుడు చేస్తారు. ఎలియాహు అంటే ఎవరో కాదు, ఖురాన్‌లో పేరున్న హజ్రత్ ఇల్యాస్ (అ). అలీబాగ్ దగ్గర ఖండాలా అనే పల్లెలో ఒక బండమీద గీతలు ఉన్నాయి. అవి ఇల్యాస్ నబీ రథం ఆనవాళ్ళని వాళ్ళ నమ్మకం. పిల్లా పాపలతో బండి కట్టుకొని అక్కడికి వెళ్ళి మలీదా చేసి తిని వస్తారు. మన వాళ్ళు దర్గాకు వెళ్ళి నియాజ్ వండుకొని చెట్టు కింద తిని వచ్చినట్టే.

ఈ కౌమ్ తారీఖును హయీమ్ శామ్యూల్ కెహిమ్కర్ అనే వాళ్ళ పెద్దమనిషి 1897లో రాశాడు, 1937లో తెల్ అవీవ్‌లో అచ్చయింది. వాళ్ళ పాత పండుగల పేర్లు చూస్తే ఏ ఇంట్లో ఉన్నానో నాకే అర్థం కాలేదు. రోజాను వాళ్ళు రోజా అనే అన్నారు. ఎలూల్ నెలంతా ఉండే ఉపవాసాలకు పేరు రమజాన్. ఇల్యాస్ నబీ పేరు మీద జరిగే పండుగకు పేరు ఉరుస్. పస్కాకు 'పులుపు కుండ మూసే పండుగ' అని మరాఠీలో పేరు. యోమ్ కిప్పూర్‌కు 'తలుపు మూసుకునే పండుగ'. ఎవరింట్లో వాళ్ళు తలుపులు వేసుకొని ఇబాదత్‌లో ఉండేవాళ్ళు మరి.

ఆ మర్నాటి పండుగ పేరు దగ్గర నేను ఆగిపోయాను. శిళా సణ్. ఆదిలాబాద్‌లో ఉండే మా మామూకి ఫోన్ చేశాను. అటు వైపు సగం బజారు మరాఠీలోనే నడుస్తుంది, ఆయనకు ఆ జబాన్ బాగా వచ్చు. "శిళా అంటే ఏంది మామూ?" అంటే, "నిన్నటి అన్నం లేదా, సద్దిది, అది శిళా" అన్నాడు. సద్ది పండుగ! మన బాసీ ఈద్! ఈద్ మర్నాడు మిగిలిన షీర్ ఖుర్మా వేడి చేసుకొని, రిష్తేదార్ల ఇళ్ళకు తిరిగే రోజు. వాళ్ళూ శిళా సణ్ నాడు బీదలకు ఖైరాత్ ఇచ్చి, దోస్తుల ఇళ్ళకు మిలాప్‌కు వెళ్ళేవాళ్ళు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని మామూ అడిగాడు. పక్కపక్క ఇళ్ళలో వందల ఏళ్ళుంటే ఆ హిసాబ్ ఎవరు పెడతారు?

వాళ్ళ గురించి ఒక ఖిస్సా కూడా ఉంది. బెనె ఇస్రాయేల్ మనిషి శామ్యూల్ దివేకర్ అంగ్రేజుల ఫౌజ్‌లో ఉండి టిపూ సుల్తాన్ సిపాయిలకు ఖైదీగా చిక్కాడట. మీరెవరని అడిగితే బనీ ఇస్రాయీల్ అన్నాడట. ఖురాన్‌లో విన్న ఆ ఖౌమ్‌ను ఎన్నడూ చూడలేదు, వీళ్ళను చంపొద్దని టిపూ వాలిదా అడ్డుపడిందని వాళ్ళు చెప్పుకుంటారు. ప్రాణంతో తిరిగి వచ్చిన దివేకర్ షుక్రానాగా 1796లో బంబాయిలో సినగాగ్ కట్టించాడు. జనం దాన్ని జూనీ మసీదు అన్నారు. అంటే పాత మసీదు. అక్కడి మసీద్ రైల్వే స్టేషన్ పేరు దాన్నుంచే వచ్చిందంటారు. కరీంనగర్ జిల్లా నుంచి బంబాయికి బతకబోయినవాళ్ళలో ఎంతమంది ఆ స్టేషన్‌లో దిగి ఉంటారో!

వాళ్ళ పండుగల్లో ఖైరాత్ సంగతి చెప్పాలి. హీబ్రూలో దానాన్ని త్సెదాకా అంటారు. మన సదఖా, ఆ త్సెదాకా ఒకే ధాతువు నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు. పస్కాకు ముందు ప్రతి ఊళ్ళో బీదలకోసం చందా పోగు చేస్తారు. దాని పేరు మాఓత్ హిత్తీమ్, అంటే గోధుమల పైసలు. పండుగనాడు ఏ ఇంట్లోనూ పులియని రొట్టెకు పిండి లేకుండా ఉండకూడదని. మన ఫిత్రా కూడా గోధుమల లెక్కే కదా, హనఫీ ఫిఖాలో తలకు అర సా గోధుమలు, నమాజే ఈద్‌కు ముందే చేరాలి. మన దగ్గర ఈద్‌గాహ్ గేటు దాకా ఫిత్రా జేబులోనే పెట్టుకొని వెళ్ళేవాళ్ళను చూస్తుంటాను. అప్పుడు ఆ బీదవాడు సేమ్యా ఎప్పుడు కొనాలి?

దానానికి ఎనిమిది మెట్లు చెప్పిన యహూదీ ఆలిమ్ ముసా బిన్ మైమూన్. కర్తబాలో పుట్టి, 1204లో మిస్ర్‌లో ఫౌతయ్యాడు. సుల్తాన్ సలాహుద్దీన్ దర్బారుకు హకీమ్. ఇష్టం లేకుండా మొహం ముడుచుకొని ఇచ్చేది అన్నిటికన్నా కింది మెట్టు. ఎవరు ఇచ్చారో తీసుకునేవాడికి, ఎవరికి చేరిందో ఇచ్చేవాడికి తెలియకుండా ఇచ్చేది పైనుంచి రెండోది. అప్పు ఇచ్చో, పని చూపించో, రోజ్‌గార్‌లో భాగస్వామిని చేసుకొనో ఒక మనిషి మళ్ళీ చేయి చాచకుండా చేయడం అన్నిటికన్నా పైది. ఇఫ్తార్ కిట్టు ఇస్తూ ఫోటో దిగడం ఎన్నో మెట్టో ఆయన రాయలేదు.

పూరీమ్ అనే పండుగ పంచుకోవడానికే పుట్టినట్టుంటుంది. ఎస్తేరు అనే యహూదీ మలికా తన కౌమ్‌ను ఈరాన్ బాద్షా దర్బారులో ఒక వజీర్ కుట్ర నుంచి కాపాడిన కథ అది. ఆ బాద్షా సల్తనత్ 127 సూబాలు, హోదూ నుంచి కూష్ దాకా అని వాళ్ళ కితాబ్ మొదట్లోనే ఉంది. హోదూ అంటే మన హింద్. ఆ రోజు దోస్తులకు తినేవి పళ్ళాల్లో పెట్టి పంపాలి, కనీసం ఇద్దరు బీదలకు దానం ఇవ్వాలి. మిఠాయిల మీద గుడ్డ కప్పి పిల్లలు ఇంటింటికీ మోసుకెళ్తుంటారు. మన షబే బరాత్ హల్వా పళ్ళాలు, బక్రీద్ హిస్సాలు మోసిన పిల్లలకు ఆ బరువు తెలుసు.

పస్కా రాత్రి ఇంకోలా ఉంటుంది. దస్తర్‌ఖాన్ మీద పులియని రొట్టె, చేదు ఆకు, ఉప్పు నీళ్ళు. ఫిరౌన్ గులామీలో పూర్వీకులు కార్చిన కన్నీళ్ళకు గుర్తు ఆ ఉప్పు. ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లవాడు లేచి, ఈ రాత్రి ఏమిటి సంగతి అని సవాళ్ళు అడగాలి. పెద్దలు తీరిగ్గా జవాబు చెప్పాలి. అడగడం కూడా పండుగ రివాజే. ఒక రొట్టె ముక్కను దాచిపెడతారు, వెతికి పట్టుకున్న పిల్లలకు ఇనామ్. అది దొరక్కుండా దస్తర్‌ఖాన్ ఎత్తకూడదు కాబట్టి పిల్లలు బాగానే బేరమాడతారట.

పస్కా వారంలో ఇంట్లో పులిసిన పిండి ఉండకూడదు. మొరాకో యహూదీలు ఆ పిండిని పొరుగు ముసల్మాన్ల ఇళ్ళలో ఇచ్చేసేవాళ్ళు. పండుగ ముగిసిన రాత్రి ఆ ముసల్మాన్లే పిండి, పాలు, వెన్న, తేనె పట్టుకొని వాళ్ళ తలుపు తట్టేవాళ్ళు. ఆ రాత్రి పేరు మిమూనా. తలుపులన్నీ తెరిచి ఉంటాయి, ఎవరైనా వచ్చి తినొచ్చు. మర్నాడు కుటుంబాలన్నీ తోటలకు, నీళ్ళ ఒడ్డుకు వెళ్ళిపోతాయి. మొరాకో నుంచి వెళ్ళిపోయినవాళ్ళు ఇజ్రాయెల్‌లో ఇప్పటికీ పార్కుల్లో పొయ్యిలు పెట్టుకొని చేసుకుంటారు. పిండి తెచ్చే ఆ పొరుగువాళ్ళు మాత్రం ఇప్పుడు పక్కింట్లో లేరు.

మా ఇంట్లో బాసీ ఈద్ నాడు అయితే మానేరు డ్యామ్, లేదంటే ఎల్గందల్ ఖిలా. 1905 దాకా జిల్లాకు పేరిచ్చింది ఆ ఎల్గందలే. మామూ ఇంటికి వెళ్తే కుంతాల జలపాతం. చాపలు, టిఫిన్ డబ్బాలు, బగారా అన్నం. సుక్కోత్ గురించి చెప్పినప్పుడు మా పిల్లకు అందుకే బాగా నచ్చింది. తెలుగు బైబిల్లో అది పర్ణశాలల పండుగ. ముసా (అ) ఖౌమ్ ఎడారిలో తిరిగిన రోజుల యాదిలో, ఏడు రోజులు ఆకుల కప్పు కింద భోజనం. కప్పులోంచి రాత్రి చుక్కలు కనిపించేంత పలుచగా ఆకులు వేస్తారు. "మక్క చేన్ల మంచె లెక్కనా?" అంది పిల్ల. దాదాపు అంతే.

మన తెలుగు నేల మీద ఈ పండుగ చేసుకునేవాళ్ళు ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. మాదిగ కుటుంబాలు, తరాలుగా బాప్టిస్టు క్రైస్తవులు. షమూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ అనే అన్నదమ్ముల నాయకత్వంలో తాము బనీ ఇస్రాయీల్‌లో ఎఫ్రాయీమ్ గోత్రంవాళ్ళమని ప్రకటించుకొని, 1991లో సినగాగ్ పెట్టుకున్నారు. ఎఫ్రాయీమ్ హజ్రత్ యూసుఫ్ (అ) కొడుకు. సబ్బాతు, పస్కా, పర్ణశాలల పండుగ అన్నీ తెలుగు మాటల మధ్య జరుపుకుంటారు. ఇజ్రాయెల్ వాళ్ళను తమ యహూదీలుగా ఒప్పుకోలేదు. ఇక్కడి కాగితాల్లోనూ వాళ్ళకు ఆ పేరు సులువుగా దొరకలేదు. వాళ్ళ మధ్య ఉండి పరిశోధన చేసి 2013లో పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరు యూలియా ఎగోరోవా, ఇంకొకరు షాహిద్ పర్వేజ్. ఆ రెండో పేరు చూసి నాకు ఖుషీ అయిందని దాచను. వాళ్ళను నకిలీ యహూదీలని వెక్కిరించినవాళ్ళున్నారు. "మీ తాతలు ఎవర్నించి మారిండ్రు?" అన్న సవాల్ స్కూల్లో, ఆఫీసులో, రేషన్ దుకాణంలో విన్న మనకు ఆ వెక్కిరింత కొత్తది కాదు.

మన దక్కన్‌కూ యహూదీ మజహబ్‌కూ పరిచయం ఇంకా పాతది. అబ్దుల్లా ఖుతుబ్ షా కాలంలో, 1647లో, దబిస్తానె మజాహిబ్ అనే ఫార్సీ గ్రంథం రాసినాయన హైదరాబాద్‌లో సర్మద్‌ను కలిశాడు. కాషాన్‌లో యహూదీ ఇంట పుట్టి, ముసల్మాన్ అయి, తరువాత ఏ హద్దుల్లోనూ ఇమడని ఫకీర్ సర్మద్. ఆ గ్రంథంలో యహూదీల అధ్యాయానికి సంగతులన్నీ ఆయన చెప్పినవే. ఆయన షాగిర్ద్, అభయ్‌చంద్ అనే హిందువు, తౌరాత్ మొదటి భాగాన్ని ఫార్సీలోకి తెచ్చాడు. ఔరంగజేబ్ హుకూమత్ 1661లో సర్మద్ తల తీయించింది. ఢిల్లీ జామా మసీదు మెట్ల దగ్గర ఎర్రగా కనిపించే మజార్ ఆయనదే. మళ్ళీ నిజాం జమానాలో, హైదరాబాద్ నుంచి వచ్చే ఇస్లామిక్ కల్చర్ పత్రికకు పిక్తాల్ తరువాత ఎడిటర్‌గా వచ్చిన ముహమ్మద్ అసద్ కూడా పుట్టుకతో యహూదీ, ఒక రబ్బీ మనవడు. ఆ పత్రిక సర్కారీ ఖర్చులో మా కరీంనగర్, ఆదిలాబాద్ రైతుల సిస్తు పైసలు కూడా ఉండి ఉంటాయి.

బెనె ఇస్రాయేల్ 1948 నాటికి మన దేశంలో ఇరవై వేల దాకా ఉండేవాళ్ళు. చాలామంది వెళ్ళిపోయారు. కలకత్తా సినగాగుల్లో ఊడ్చి, దీపాలు తుడిచి, తాళంచెవులు దాచేది తరతరాలుగా ముసల్మాన్ కుటుంబాలే. కొచ్చిలో సారా కోహెన్ అనే ముసలావిడ సబ్బాతు రొట్టెమీద కప్పే గుడ్డలు కుట్టి అమ్మేది. 2019లో ఆమె పోయేదాకా చూసుకున్నదీ, ఆ తరువాత దుకాణం తెరిచి ఉంచిందీ తాహా ఇబ్రాహీం.

పదో తారీఖు ఇఫ్తార్ అయ్యాక దాదీమా పద్ధతిలో మలీదా చేద్దామన్నాను. భాభీ రొట్టెలు కాల్చింది, పిల్ల నలిపింది. వేడికి వేళ్ళు ఊదుకుంటూ, హనుక్కా గురించి చెప్పింది గుర్తొచ్చినట్టుంది. ఎనిమిది రాత్రులు దీపాలు, నూనెలో వేయించిన పిండివంటలు, పిల్లలకు చిల్లర పైసలు.

"ఎనిమిది రోజులు ఈదీనా చాచా?"

"అవును."

"రోజుకెంత?"

ఆమె తండ్రి పక్కగదిలోంచి, ఆ ముచ్చట ఇంక బంద్ చెయ్యమన్నాడు.